చేతి వేడికి కరిగే బిళ్ళ

"చాప మీద మళ్ళీ నూనె మరక పడిందే," అంది అత్త మెరెసేని. బోర్లా పడుకునే అంది. ఆవిడ నడుం మీద ఉనైసి బొటనవేళ్ళు అప్పటికింకా నడుస్తూనే ఉన్నాయి.

ఉనైసి మోచేత్తో సీసాని పక్కకి జరిపింది. సీసాలోంచి చేతిలోకి ఒంపుకున్న కొబ్బరినూనె కారకుండా ఎలా ఉంటుంది? ఆ చాపకి ఆకు కోసిందీ, ఎండబెట్టిందీ, చీల్చి అల్లిందీ తనే. మరక తోమేదీ తనే. పగలంతా ఒడ్డున హోటల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ వీపులు పిసికి ఇంటికొస్తే ఇక్కడ గుమ్మంలో మనుషులు కూర్చుని ఉంటారు. ఒకరికి మోకాలు, ఒకరికి మెడ. "మీ అమ్మ చేతులే వచ్చాయమ్మా నీకు. దేవుడిచ్చిన చేతులు," అంటారు. దేవుడిచ్చినదానికి అలుపు ఉండదని వాళ్ళ నమ్మకం. హోటల్లో మేనేజరుది ఇంకో పాట. "చేతులొక్కటే తెస్తే ఎలా, నవ్వు కూడా తెచ్చుకో" అంటాడు. నవ్వు తెచ్చుకుంటుంది. సాయంత్రం దాన్ని అక్కడే వదిలేసి వస్తుంది.

ఉనైసి వీపులో, కుడి రెక్క కింద, కండ గట్టిపడి ఒక ముడి పడి ఉంది. పిల్ల పుట్టిన ఏడాది పడింది. పడుకుంటే పొడుస్తుంది, కూర్చుంటే లాగుతుంది. ఊరందరి ముడులూ విప్పే చేతులకి ఆ ఒక్క చోటు అందదు. మొగుడు ఇలైతియాకి ఒకసారి చెప్పింది. "నీకు వచ్చిన పనే కదా, నువ్వే చేసుకో," అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. వేళాకోళానికే అన్నాడు. ఆ మాట కూడా వెళ్ళి ముడి పక్కనే కూర్చుంది. రెండోసారి చెప్పలేదు. రాత్రిళ్ళు ఇటు పొర్లి, అటు పొర్లి, తెల్లారకముందే లేచి పొయ్యి రాజేసేది. నిద్ర పట్టని ఒళ్ళు పనికైనా వస్తుందని.

గట్టిబిళ్ళ సంగతి మేనేజరు చెప్పాడు. చలిదేశం మనిషి. మైనం కరిగించి నూనెలో కలిపితే సబ్బులా గడ్డకడుతుంది, ఒంటికి రాస్తే ఆ వేడికే కరుగుతుంది, కారదు అన్నాడు. ఉనైసికి వెంటనే వంటింటి స్తంభం కళ్ళ ముందు నిలిచింది. బిళ్ళని ఆ స్తంభానికి కట్టి, వీపు ఆనించి రాసుకుంటే? ఎవర్నీ అడగక్కర్లేదు.

కొండ మీద తేనెపెట్టెలు పెట్టుకున్న ముసలాయన దగ్గర మైనం ముద్ద తెచ్చింది. కుండలో నీళ్ళు మరుగుతుంటే అందులో డబ్బా నిలిపి మైనం కరిగించింది. ఇంట్లో తీసిన కొబ్బరినూనె పోసి, మొకొసొయి పూలు నానేసిన నూనె కొంచెం కలిపింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. కొబ్బరిచిప్పల్లో పోసి ఆరబెట్టింది. మధ్యాహ్నం అయ్యేసరికి చిప్పల్లో బిళ్ళ బదులు అంబలి ఉంది. ఆయన చెప్పిన పాళ్ళు ఆయన చలికి సరిపోతాయి. ఈ తవేయుని దీవిలో నీడపట్టున పెట్టిన నూనె కూడా గడ్డకట్టదు. మళ్ళీ కరిగించి ఇంకా మైనం వేసింది. చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి, గోరుతో గీరి చూసింది. గోటికి లొంగింది, వేలికి అంటలేదు. అదీ పాకం.

బిళ్ళలు బాగా కుదిరాయి. అదే తప్పయింది.

"కెరెకెరె," అంది ఎదురింటామె, ఒకటి చేతిలోకి తీసుకుని. 'ఇవ్వరాదూ' అనే ఆ మాటతో అయినవాళ్ళు అడిగితే కాదనకూడదు. కాదన్న ఇంటిని ఊరు మర్చిపోదు. చర్చి పెద్దగారి భార్య అడిగింది. అత్త తన చెల్లెలికి పంపింది. వారం తిరిగేసరికి చిప్పలు ఖాళీ. ఉనైసి మళ్ళీ కాచింది, మళ్ళీ పోయాయి. ఆ మాట ఎప్పుడూ గుమ్మంలోంచి లోపలికే వస్తుంది. ఈ ఇంటికి కోడలై వచ్చాక తన నోట అది పలికిన గుర్తు లేదు. ఉప్పుకి కూడా అత్తే వెళ్తుంది, అడిగే పెద్దరికం ఆవిడది.

ఈసారి ఒక చిప్పని పిండిడబ్బాలో దాచింది. శనివారం మధ్యాహ్నం మగవాళ్ళు ముందుగదిలో యంగోనా వేరు పిసికిన మత్తునీళ్ళ గిన్నె చుట్టూ చేరాక, దాన్ని తీసి గుడ్డతో స్తంభానికి కట్టి, వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. బిళ్ళ మెత్తబడింది. జారింది. ముడి దగ్గరిదాకా వచ్చి పక్కకి తప్పుకుంది. స్తంభానికి ఎక్కడ నొక్కాలో ఏం తెలుసు?

"ఏమే, పందిపిల్లలా స్తంభానికి రాసుకుంటున్నావ్!"

ఆడబిడ్డ కెలెరా. గొంతు మైకు. ముందుగదిలో మగవాళ్ళంతా తిరిగి చూసి ఘొల్లుమన్నారు. ఇలైతియా కూడా నవ్వాడు.

"అబ్బ, ఏం వాసనే! నాకింత పెద్దది ఇవ్వనేలేదు నువ్వు. ఇటివ్వు, కెరెకెరె," అని చెయ్యి చాపింది కెలెరా.

ఉనైసి కట్టు విప్పింది. చిప్పలోంచి బిళ్ళని చేతిలోకి తీసుకుంది. అలవాటైన చెయ్యి కెలెరా వైపే సాగింది. సగంలో ఆగింది.

"ఇస్తాను వదినా. అరిగాక మిగిలింది ఇస్తాను."

ముందుగదిలోకి నడిచింది. గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి ఏ ఆడదీ అలా నడవదు. మొగుడి ముందు కూర్చుని, అతని అరచేతిలో బిళ్ళ పెట్టింది.

"కెరెకెరె," అంది. "నీ చేతులు."

ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడా? ఇంతమందిలోనా?" అన్నాడు ఇలైతియా నెమ్మదిగా. "రాత్రికి చూద్దాంలే."

"మీవాళ్ళు ఎవరొచ్చినా రాత్రికి చూద్దామన్నానా నేను?"

అతను గుమ్మంలో కూర్చున్న తల్లి వైపు చూశాడు. మెరెసేని తన నడుం తడుముకుంది. "నా వైపు చూస్తావేంరా? అడిగింది కదా పిల్ల. కాదనే ఇల్లా ఇది?" అంది. లేచి, గోడవారన చుట్టి ఉన్న చాపని కాలితో తోసి పరిచింది. మరక పడిన చాపే. "మగాళ్ళంతా గిన్నె ఎత్తుకుని చెట్టు కిందికి నడవండి," అంది.

వాళ్ళు గిన్నె ఎత్తుకుని నడిచారు. వెళ్తూ ఒకడు దగ్గాడు. ఇలైతియా లేవబోయి, చేతిలోని బిళ్ళని చూసుకుని కూర్చుండిపోయాడు.

ఉనైసి బోర్లా పడుకుంది. బిళ్ళ వీపు మీద ఆనింది, భయంభయంగా, ఎవరిదో సొమ్ము ముట్టుకున్నట్టు.

"ఇంకా కిందికి. ఎముక పక్కన. గట్టిగా."

అతని బొటనవేలు ముడి మీద పడింది. ఆమె పళ్ళు బిగించింది. కళ్ళలోంచి నీళ్ళు చాప మీదికి కారాయి.

నాలుగుసార్లు తిప్పాడో లేదో, బయట నవ్వులు వినబడి చెయ్యి ఆపాడు. "చాలా?" అన్నాడు.

"చాలో కాదో నేను చెప్తాను," అంది ఉనైసి.