గెంజో తొడలో ఉన్నది

దహనశాలలో పళ్లెం బయటికి లాగగానే చిగుసా కళ్లు తండ్రి కుడి తొడ కోసం వెతికాయి. ఎముకలు ఏరి కుండలో పెట్టే వేళ కూతురు చూడాల్సింది అది కాదు. కానీ ఆ తొడలో బెత్తెడు పింగాణీ ఎముక ముక్క ఆమె చేతిపని. కణితి తీసేసిన చోట పెట్టడానికి కుండలకు పేరుపడ్డ తాజిమి ఊళ్లో, బట్టీలో తనే కాల్చి ఇచ్చింది. అది ఒంట్లో మెల్లగా కరిగిపోతుంటే ఆ మేర సొంత ఎముక పెరుగుతుంది. పదకొండేళ్ల కష్టం.

తొడ దగ్గర మూరెడు లోహపు కడ్డీ కనిపించింది, మరలతో సహా.

వేరేవాళ్లది కలిసిపోయిందేమోనని ఆమె పనివాణ్ని అడిగింది. కొలిమిలోకి ఒక్కొక్కరినే పంపుతామని అతను నొచ్చుకుంటూ చెప్పాడు.

ముక్క తయారుచేసినవాళ్లు రోగుల ఎక్స్‌రేలు చూడకూడదని ఆసుపత్రి నియమం. అందుకే మూడేళ్లుగా తండ్రి మాటే నమ్మింది. ఆ మాట ఎంత తియ్యగా ఉండేదని! ఇది మా పిల్ల పోసిన ఎముక అంటూ గెంజో వచ్చినవాళ్లందరికీ తొడ చరిచి చూపించేవాడు. లారీ గుద్ది కాలి ఎముక నుజ్జయిన పక్కవీధి టీచరమ్మ మికామి, ఆయన నడక చూసే తనకూ అలాంటి ముక్క పెట్టించుకోవడానికి ఒప్పుకుంది. మంగళవారం ఆమెకు ఆపరేషన్.

తల్లి సువా మాత్రం ఆ కడ్డీ వంక చూడనైనా చూడలేదు. పాదాల నుంచి ఏరడం మొదలుపెట్టాలంటూ, ఎముకలు పట్టి ఎత్తే వెదురు పుల్లలు అందుకుంది.

"నీకు ముందే తెలుసు కదమ్మా."

"ఆపరేషన్ రోజు పొద్దున్నే మనసు మార్చుకున్నాడే మీ నాన్న. నీకు చెప్పొద్దని డాక్టరు దగ్గర మాట తీసుకున్నాడు. నలభై ఏళ్లు కుండలు కాల్చిన మనిషి కదా. కాల్చిందేదైనా ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, ఇనుమైతే నిలబడుతుంది అన్నాడు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

పరాయివాడు నమ్మించి గొంతు కోస్తే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. కన్నతండ్రి పొగుడుతూ కోశాడు. నీ పని మీద నాకు నమ్మకం లేదని ఒక్కసారి ముఖం మీదే అనుంటే, ఏడ్చి మళ్లీ బట్టీ దగ్గరికి పోయేది. ఎదుటివాళ్లకు చెప్పేందుకే నీతులన్నట్టు, పైగా ఊళ్లోవాళ్లకు సిఫార్సులు.

"తనకేమో ఇనుము కావాలి. మికామి గారికి మాత్రం నాది చాలా?"

ఆచారం ప్రకారం ఎముకను ఇద్దరూ కలిసి పట్టి ఎత్తాలి గనక, సువా పుల్లలు చాచి అలాగే నిలబడింది. చిగుసా తన పుల్లలు పక్కన పెట్టేసి, బయటికి వచ్చి మికామికి ఫోన్ చేసింది. తండ్రి తొడలో ఉన్నది తన ముక్క కాదని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అవతల టీచరమ్మ నెమ్మదిగా అడిగింది.

"మరి మీది పనిచేస్తుందా అమ్మా?"

"గొర్రెలకైతే అతికిందండీ. మనుషుల్లో మా నాన్నే మొదటివారనుకున్నాను."