పేరమ్మ దాచిన నెల

నేను ఒక స్కానింగ్ మిషన్ని. కడుపు లోపలికి చూడటం నా పని. బయట ఉన్నవాళ్ళ మాట నమ్మకపోవడం నా అలవాటు. అది పనిలో అబ్బింది.

పుట్టింది సముద్రం అవతల ఫ్యాక్టరీలో. పట్నంలో ఆరేళ్ళు చేశాక, బొమ్మ మసకేస్తోందని ఈ చిన్న ఊరి ఆసుపత్రికి తోలారు. వచ్చీ రాగానే అధికారులు నా నంబరు రాసుకుని, నా నెత్తిన "ఆడా మగా చెప్పబడదు" అని బోర్డు కొట్టారు. ఏ తప్పూ చెయ్యకముందే కాపలా! అయితే ఆ కాపలా పెట్టింది నన్ను చూసి కాదు, తమను తాము ఎరిగి.

పేరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు గడప దాటలేదు. కోడలు అంకమ్మను మాత్రం లోపలికి పంపింది.

"ఆ మిషను వెలుగుకి బిడ్డ ఎండిపోదు గదా, డాక్టరమ్మా?"

"వెలుగు కాదు పెద్దమ్మా, చప్పుడు. మనకి వినపడదు," అంది డాక్టరు హైమావతి.

"వినపడని చప్పుడంట!" పేరమ్మ గడప అవతలే చతికిలబడింది.

ఆఖరి నెలసరి ఎప్పుడని డాక్టరు అడిగింది. కోడలు నోరు తెరిచేలోపే గడప దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"ఉగాదికి. ఏడో నెల, రాసుకోండి."

బిడ్డ తల చుట్టు కొలత, పొట్ట చుట్టు కొలత, తొడ ఎముక పొడవు తీశాను. బరువు ఏడో నెలకు అతికినట్టు సరిపోయింది. కానీ తల ఆ నెలను దాటి ఉంది, పొట్ట అందుకోలేక వెనకబడింది. కడుపులో తిండి చాలని బిడ్డ ముందు తలనే కాపాడుకుంటుంది. హైమావతి కళ్ళజోడు సర్దుకుని ఆ రెండు అంకెలనూ మళ్ళీ చూసింది.

"మూడో నెలలో స్కానింగ్ తీయించలేదా?"

"అప్పుడే తీయిస్తే నలుగురి నోళ్ళలో పడదూ?" అంది పేరమ్మ.

"రెండు వారాలకు మళ్ళీ రండి."

వచ్చారు. కొలిచాను. బిడ్డ పొట్ట దారం మందం కూడా పెరగలేదు. పేరమ్మ ఏ పండగ చెప్పినా, రెండు వారాలు రెండు వారాలే గదా.

హైమావతి చీటీ మీద ముద్ర వేయించుకు రమ్మని పేరమ్మను పంపేసి, తలుపు వేసింది. "ఇప్పుడు చెప్పు అంకమ్మా."

అంకమ్మ పైకప్పు వంక చూస్తూ మెల్లగా అంది. "ఉగాది కాదు మేడం. శివరాత్రి. ఊరంతా జాగారానికి పోతే నేను పోలా. దూరంగా ఉన్నా."

అంటే ఉగాది లెక్కన వచ్చే ఎనిమిది కాదు, ఇది తొమ్మిదో నెల. పేరమ్మ తిరిగొచ్చేసరికి హైమావతి ముఖం ఎర్రగా ఉంది.

"నెల ఎందుకు దాచావు పెద్దమ్మా?"

పేరమ్మ ముద్ర వేసిన చీటీని మడిచింది, విప్పింది. "దీని మొదటి కడుపప్పుడు ఎనిమిదో నెలని ఊరంతా చెప్పుకున్నా. వారం తిరక్కుండా బిడ్డ పోయింది. నరుడి కంటికి నల్లరాయి పగులుద్దంటారు. అందుకే ఈసారి దాచా."

"ఊరికి దాచుకో. నాకు దాస్తే ఎట్టా? నీ మాట నమ్మితే ఇంకో నెల చూద్దామనేదాన్ని. ఈ బిడ్డకి ఆ నెల లేదు."

అప్పుడు దాటింది పేరమ్మ గడప. నా ముందుకొచ్చి వంగి, "ఉందా?" అంది.

"అదుగో, గుండె కొట్టుకుంటా ఉంది," అని హైమావతి చూపించింది.

చాలాసేపు చూసింది. కోడల్ని లేపి, పమిటతో ఆమె పొట్ట తనే తుడిచింది. ఆ పూటే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పోయారు. తర్వాత ఏమైందో నాకెవరూ చెప్పలేదు. మిషనుకు చెప్పేదెవరు?

చలికాలం పోయేలోపు నా స్థానంలో కొత్తది వచ్చింది. నన్ను టీకాల గదిలో ఓ మూలకు నెట్టి, దుప్పటి కప్పారు. దుప్పటికి ఒక చిరుగుంది. ఒక బుధవారం అందులోంచి పేరమ్మ కనిపించింది. ఒళ్ళో పిల్ల. వేలెడంత ఉన్నా, గది అదిరేట్టు ఏడుస్తోంది.

"ఎన్నో నెల అవ్వా?" వరసలో ఒకామె అడిగింది.

"ఇంకా రెండు నిండలా," అంది పేరమ్మ, తడుముకోకుండా.

వంతు రాగానే నర్సు చెవి దగ్గరకు వంగింది. "మూడున్నర తల్లీ. పుట్టినప్పుడు కిలో ముప్పావు. సరిగ్గా రాసుకో."

లేచి వెళ్ళబోతూ మూలకు చూసింది. దుప్పటి కింద ఉన్నది నేనేనని పోల్చుకుంది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత పిల్ల ముఖం నాకు కనపడకుండా పమిట కప్పేసింది.