చితికిన అంజూరాలు

ఇంద్రసేన భార్య ప్రమీలమ్మ ఉన్నన్నాళ్లూ తెక్కలకోట నుంచి బెంగళూరు బస్సులో వారం వారం ఎన్నో ఇళ్లకు అంజూరపండ్ల పెట్టెలు వెళ్లేవి. ఖాళీ పెట్టెలు మళ్లీ బస్సులోనే తిరిగొచ్చేవి. ఆమె పోయాక ఒక్కొక్కరే తెప్పించుకోవడం మానుకున్నారు. అన్న కూతురు హిమజ ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల కూడా వద్దంటే, ఇంద్రసేన చేతి నుంచి ఏదైనా వస్తుందని ఎదురుచూసే మనిషే ఉండదు.

ఈసారి పండ్లు తనే కోశాడు. ఆ పిల్లకు మంచివి పంపాలని, బాగా మాగినవే ఏరాడు.

నాలుగు రోజులకు తిరిగొచ్చిన పెట్టెను బస్సు నుంచి దించుతూ కండక్టర్ కేశవ నవ్వాడు. "ఏందప్పా, ఖాళీ పెట్టె ఇంత బరువుండాది! పండ్లన్నీ వాపస్ పంపినారా?"

ఇంద్రసేన గబగబా పెట్టె అందుకున్నాడు. మూత తీస్తే లోపల గుడ్డ చుట్టిన జామ్ సీసా ఉంది. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"పండ్లన్నీ చితికిపోయినాయి చిన్నాయనా," అంది హిమజ. "పారేయబుద్ధి కాక జామ్ చేశాను. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని పిన్నమ్మ అనేది కదా. నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు."

"అంటాండెలేమ్మా."

"వచ్చేవారం కాస్త గట్టిగా ఉన్నప్పుడే కోయండి."

ఇంద్రసేన ఇంటికి పోలేదు. సీసా చంకలో పెట్టుకుని, ఏ కాయ ఎప్పటికి కోతకొస్తుందో చూసుకోవడానికి తోటకు నడిచాడు.