పద్నాలుగో నంబరు పేజీ

"నెగెటివ్!" అని నేను అరిచిన అరుపుకి నెట్ సెంటర్లో ఉన్నవాళ్ళందరూ తల తిప్పారు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. శాంపిల్ నంబరు పద్నాలుగు, తెల్లమచ్చ వైరస్ లేదు.

మా ఆయన అన్న, సమాధానం బావగారు, చేతులు జోడించి "స్తోత్రం తండ్రీ" అన్నారు. కిందటి పంట ఆ తెల్లమచ్చతోనే పోయింది. ఇదీ పోతే రొయ్యల గుంట వదిలేసి కూలికి పోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే రొయ్య పిల్లల్ని కొనేముందు హ్యాచరీ తొట్టిలోంచి నాలుగు తీసి ల్యాబుకిచ్చారు. ల్యాబువాళ్ళు ఒక నంబరిచ్చి, ఫలితం తమ సైట్లో పెడతారు. ఆ కాగితం ప్రింటు తీసుకోడానికి విడవలూరు చుట్టుపక్కల రైతులు మా ఆయన సుశీల్ సెంటరుకే వస్తారు.

"పేజీ ఎంత గబుక్కున వచ్చిందో చూసినారా బావగారూ? అంతా మన ప్రాక్సీ!"

"ఏందమ్మా అది?" అన్నాడు పక్క కుర్చీలో ఉన్న చెంగయ్య మామ. ఆయన గుంట మా బావగారి గుంటకి ఆనుకునే ఉంటుంది.

"మన వీధికంతా అంకాలమ్మవ్వే గదా మామా నెల్లూరు పోయి సరుకు తెచ్చేది? అందరి బదులూ తనొక్కతే పోతుంది. నాలుగు ఎక్కువ తెచ్చి ఇంట్లో పెట్టుకుంటుంది. మళ్ళీ ఎవరైనా అదే అడిగితే ఇంట్లోంచే తీసిస్తుంది. ఇదీ అంతే."

"అంకాలమ్మ పాత సరుకు గూడా అంటగడతాది, చూసుకో!"

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

పెళ్ళయి ఇరవై రెండు రోజులు. డిగ్రీలో చదువుకున్న కంప్యూటర్లు కాపురంలో పనికొచ్చాయని నాకు నేల మీద కాలు నిలవడం లేదు. సెంటర్లో ఆరు కంప్యూటర్లకీ ఒకటే నీరసపు నెట్ లైను. తొమ్మిది రోజుల కిందట, మూలపడిన పాత కంప్యూటరు దుమ్ము దులిపి, ఉచితంగా దొరికే ప్రాక్సీ సాఫ్ట్‌వేరు ఎక్కించాను. దానికి ఎప్పటికీ మారని అడ్రసు ఇచ్చాను. మన కంప్యూటర్లు తప్ప బయటివాళ్ళెవరూ దాన్ని వాడుకోకుండా కట్టడి పెట్టాను. తర్వాత ఒక్కో కంప్యూటర్లో బ్రౌజరు సెట్టింగులు తెరిచి ఆ అడ్రసు, పోర్టు నంబరు కొట్టాను. ఒక్కోటి పూర్తయినప్పుడల్లా సుశీల్ నా నోట్లో ఒక జీడిపప్పు పెట్టాడు.

ఆఖరికి ఒక ప్రశ్న మిగిలింది. తెచ్చిన పేజీల కాపీలు ఎన్నాళ్ళు దాచాలి? అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉండే సైట్ల లోపలిది ప్రాక్సీకి కనిపించదు కాబట్టి వాటిని దాచలేదు. ల్యాబువాళ్ళది తాళం లేని పాత సైటు. నేను ఆలోచించింది వేగం గురించే. పది రోజులు అని రాసేశాను.

ఆ సాయంత్రమే పిల్లల సంచులు వచ్చాయి. గట్టు మీద ప్రార్థన చేశాం. సంచుల్ని కాసేపు నీళ్ళ మీద తేలనిచ్చి, మూతులు విప్పారు. కనురెప్ప వెంట్రుకలంత పిల్లలు నా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే గిలిగింత పెట్టింది. నేను కాపురానికొచ్చాక మా తోడికోడలు ఎవాంజెలిన్ అక్క పళ్ళు కనిపించేలా నవ్వడం అదే మొదలు.

మా అమ్మకి ఆ పచ్చ అక్షరాలు పంపాలనిపించింది. అక్కడే, ఫోన్లోని నెట్‌తో పేజీ తెరిచాను.

ఎర్ర అక్షరాలు. పద్నాలుగో నంబరు, పాజిటివ్. ఈ రోజు తేదీ.

సెంటరుకి పరుగెత్తాను. అక్కడ ఇంకా పచ్చగానే ఉంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో తేదీ. కిందటి మంగళవారానిది.

"ల్యాబులో ప్రతి సోమవారం మళ్ళీ ఒకటి నుంచి నంబర్లు వేస్తారు అబీ," అన్నాడు సుశీల్ మెల్లగా. "పోయిన వారం పద్నాలుగు చెంగయ్య మామది. మనమే ప్రింటు తీసిచ్చినాం."

ఆయన కాపీని మా ప్రాక్సీ దాచిపెట్టి, మా బావగారికిచ్చింది. దాచమన్నది నేను.

"నేను చెప్తాలే అన్నకి," అన్నాడు.

"వద్దండీ. రాసింది నేను."

గట్టు మీద చీకటి పడుతోంది. బావగారు నా ఫోను తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత తిరిగి నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచిన చోటే కూర్చున్నారు. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

"తూము తీసి నీళ్ళు కాలవలోకి వదిలేద్దామా?" అంది ఎవాంజెలిన్ అక్క. "ఎవరికీ తెలీదు గదా."

"కాలవ కిందంతా గుంటలే గదే. మన జబ్బు వాళ్ళకి పంపిద్దామా?" అన్నారు బావగారు.

ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఖాళీ సంచులు గాలికి గట్టున దొర్లుతున్నాయి.

సెంటరుకొచ్చి కాపీలన్నీ చెరిపేశాను. ల్యాబు పేజీలు ఇక ఎప్పుడూ దాచొద్దని ప్రాక్సీలో రాశాను. రెండు నిమిషాల పని. సుశీల్ పక్కన నిలబడ్డాడు. జీడిపప్పు డబ్బా మూత తెరవలేదు.

బావగారు గుమ్మంలోకి వచ్చారు.

"తూముకి మట్టి కొట్టేసినా. రేపు తెల్లారగానే గుంటలో బ్లీచింగ్ పోసి అన్నిట్నీ చంపేస్తాం. అమ్మాయ్, ఈ వారం ఇక్కడ కాగితం తీసుకున్నోళ్ళు ఇంకా ఎంతమంది?"

"పదకొండు మంది బావగారూ."

"వాళ్ళు పిల్లల్ని గుంటల్లో వదలకముందే చెప్పాల."

"రేపు సెంటరు తీయను," అన్నాడు సుశీల్. "ఇద్దరం బండి మీద పోతాం అన్నా."

పదకొండు నంబర్లూ కాగితం మీద రాసుకున్నాను. రేపు పొద్దున ఆరింటికి, పదమూడో నంబరు వాళ్ళింటితో మొదలుపెడతాం. విషయం నేనే చెప్తాను.