పన్నెండు బోల్టుల మూత

పొద్దున్నుంచి హీటరు ఆగిపోవడం అది మూడోసారి. కొత్త ఫ్యూజు తీగ వేసిన అరగంటకే కాలిపోయింది. లేవి మెయిన్ స్విచ్ కిందికి లాగి, గోడ బయట ఉన్న ఫ్యూజు డబ్బా మూసి, చొక్కా అంచుతో మెడ తుడుచుకున్నాడు. మార్చి నెల చివరి రోజులు. పది గంటలకే షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి. లోపలి మిషను గదిలోంచి తియ్యగా, తల తిప్పేలాంటి వాసన తలుపు దాకా వస్తోంది.

డోన్ స్టేషనుకు రెండు మైళ్ళ దూరంలో, రైలు కట్ట పక్కన ఓబుళరెడ్డి నూనె మిల్లు పెట్టి నాలుగేండ్లయింది. మరలు పిండి వదిలేసిన వేరుశనగ బుడ్డల చెక్కలో ఇంకా కొంత నూనె మిగిలిపోతుంది. దాన్ని కూడా వదలకుండా తీయడానికి, కరెంటు లైను పడగానే ఆయన బొంబాయి నుంచి కొత్త మిషను తెప్పించాడు. పెట్రోలులాంటి ద్రావకంలో చెక్కను నానబెడితే నూనె అందులోకి దిగుతుంది. తర్వాత కరెంటు హీటరుతో కాచితే ద్రావకం ఆవిరై పోయి నూనె మిగులుతుంది. కూలీలు ఆ ద్రావకాన్ని స్పిరిటు అంటారు. దాని ఆవిరి కంటికి కనబడదు. గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతుంది. అది అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

అందుకని హీటరు తీగలు కలిసేచోట పోత ఇనుముతో చేసిన పెట్టె ఉంది. దాని మూతకు పన్నెండు బోల్టులు. మిషను బిగించడానికి వచ్చిన ఇంజనీరు మూడు రోజులు లేవిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. పెట్టెలో నిప్పు పుడితే పెట్టెలోనే చచ్చిపోవాలి, అందుకు పన్నెండు బోల్టులూ ఉండి తీరాలి. మూత అంచు మీద గీత పడకూడదు. మూత తీయాలంటే ముందు మిషను ఖాళీ చేసి, కిటికీలన్నీ తెరిచి, ఒక పగలూ ఒక రాత్రీ ఆరనివ్వాలి. లేవి ఈ మాటలన్నీ తన బైబిలు వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకున్నాడు. జమ్మలమడుగు వైపు ఒక క్రైస్తవ మిషనరీ ఆసుపత్రి ఇంజను గదిలో పని నేర్చిన మనిషి అతడు. ఆ చుట్టుపక్కల నెలకు అరవై అయిదు రూపాయల జీతం తెచ్చుకునే మాలపల్లె మనిషి ఇంకొకడు లేడు.

మేనేజరు వెంకటేశ్వర్లు గొడుగు వేసుకొని వచ్చాడు.

"ఏమప్పా లేవీ, మళ్ళీ ఆగిపాయనే?"

"లోపల ఒక కడ్డీ చెడిపోయింది సార్. కరెంటు ఇనుములోకి దిగుతాండాది. ఫ్యూజు నిలబడకపోయేది అందుకే. ఈ పొద్దు మిషను ఖాళీ చేస్తే రేపు మూత తీసి చూస్తా. కొత్త కడ్డీకి బొంబాయికి తంతి కొట్టాల."

"రేపంటావేందప్పా! ఎల్లుండి స్టేషన్లో ఆరు వ్యాగన్లు మనకోసం నిలబడతాయి. మద్రాసు హార్బరులో ఓడ కాచుకోనుంటాది." మేనేజరు గొడుగు ముడిచి జేబులోంచి రాగి తీగ చుట్ట తీశాడు. "సన్న తీగ ఏంటికి? దీన్ని నాలుగు పోగులు మెలేసి ఫ్యూజులో ఎయ్యి. రెండ్రోజులు నడిస్తే శానా."

లేవి తీగ తీసుకోలేదు.

"లావు తీగేస్తే ఫ్యూజు కాలదు సార్. కాలేది పెట్టెలోనే. ఆ మూతకు ఈ పొద్దుటికీ ఎనిమిది బోల్టులే ఉండాయి."

మేనేజరు చుట్టూ చూశాడు. "ఆ మాట మెల్లగా అను," అన్నాడు. రాగి తీగ ఫ్యూజు డబ్బా మీద పెట్టి వెళ్ళిపోయాడు.

షెడ్డు గోడ నీడలో అరవై మంది కూలీలు కూర్చొని ఉన్నారు. పన్నెండు గంటల మిల్లు కూతలోపల మిషను తిరగకపోతే ఆ రోజు హాజరు వేయరు. మగవాళ్ళకు రూపాయి పావలా, ఆడవాళ్ళకు పది అణాలు. ఆ ఏడు వానలు మొండిచెయ్యి చూపినాయి. చేలల్లో పని లేదు. రూపాయికి మూడు శేర్లు వచ్చే జొన్నలు ఇప్పుడు రెండు శేర్లకు దిగినాయి. మిల్లు తప్ప ఆ చుట్టుపక్కల పొయ్యి వెలిగించే దారి లేదు.

చెక్క మూటలు మోసే రంగన్న లేచి వచ్చాడు. "నీ చేతిలో పనేగదప్పా. ఏదో ఒగటి చేసి తిప్పు. మాకు నెల జీతాలు ల్యావు. ఈ పూట గడిస్తే రేపటి సంగతి రేపు చూసుకుంటాం."

"చూస్తాండా రంగన్నా," అన్నాడు లేవి. నిజం చెప్పాలంటే ఆ నిజం ఎక్కడ మొదలు పెట్టాలి?

బుడ్డలు ఏరే షెడ్డులోంచి రాహేలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. భర్త ముఖం చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది.

"ఏమంటాండారు?"

"లావు తీగ ఎయ్యమంటాండారు."

ఆమె గొంతు తగ్గించింది. "ఏసెయ్యి."

"రాహేలూ..."

"మనముండే గది ఎవురిది? మాయమ్మను, ఇద్దురు పిల్లోళ్ళను ఎత్తుకోని యాడికి పోదాం? మా ఊర్లో బాయిలో తాగేదానికి నీళ్ళు ల్యావు. పైగా ఆ రిపేరు బుక్కులో సంతకం నీది. నువ్వు నోరెత్తితే ముందు నిన్నే పట్టుకపోతారు. నేనీ మాట ఏడాది నించీ మోస్తాండా. ఇంగ కొన్నాళ్ళు మోస్తాలే."

చెంబు తీసుకొని ఆమె వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

పోయిన ఏడు ఇదే నెలలో హీటరు మూత తీసి బిగించేటప్పుడు నాలుగు బోల్టుల మరలు అరిగిపోయి ఊడి వచ్చాయి. కొత్తవి వచ్చేదాకా ఆగుదామన్నాడు లేవి. బొంబాయి నుంచి వారంలో వస్తాయి, అంతదాకా నడవనీ, బుక్కులో మాత్రం అన్నీ ఉన్నట్టు రాయి అన్నాడు మేనేజరు. లేవి రాశాడు. ఎనిమిదో రోజున పెట్టెలోంచి నీలం మంట ఒకటి గది నేల మీద పరుచుకుంది. ఒక్క క్షణం. నేల మీద రాలిన చెక్కపొడి పారతో ఎత్తుతున్న గిడ్డయ్య నడుము దాకా కాలాడు. లారీలో కర్నూలుకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. విచారణకు వచ్చిన ఇన్సూరెన్సు మనిషి మేనేజరు గదిలో రెండు గంటలు కూర్చొని, గిడ్డయ్య లోపల బీడీ వెలిగించాడని రాసుకొని పోయాడు. తప్పు పనివాడిది కాబట్టి నష్టపరిహారం రాదని చెప్పారు. అయినా దయతలచి అతని భార్య హులిగెమ్మకు మిల్లులో ఊడ్చే పని ఇచ్చారు, రోజుకు పది అణాలు. ఓబుళరెడ్డి మంచివాడని కూలీలే అన్నారు. లేవి కూడా ఆ మాటకు తల ఊపాడు. ఆ మంట తర్వాత హీటరుకు కొత్త కడ్డీ వచ్చింది గాని, బోల్టులు ఇప్పటికీ రాలేదు.

పదకొండుకు ఓబుళరెడ్డి పిలిపించాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. బల్ల మీద హీటరు రిపేరు బుక్కు తెరిచి పెట్టి ఉంది. పోయిన ఏటి పేజీ.

"కూచో లేవీ."

లేవి కూర్చోలేదు.

"ఇది చదువు."

"నేను రాసిందే సామీ."

"మూత బాగుంది, పన్నెండు బోల్టులూ ఉండాయని నువ్వే రాసినావు. సంతకం గూడా ఉండాది. మేము కరెంటు పని తెలీనోళ్ళం, నువ్వు చెప్పిందే నమ్మినాం." ఓబుళరెడ్డి బుక్కు మెల్లగా మూశాడు. "నిన్నేం అనాలని కాదప్పా. నేనూ సేద్యం చేసినోణ్ణే. ఆ అరవై మంది కూలోళ్ళు బయట కూచోనుంటే నాకూ కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటాది. ఈ పొద్దు మిషను తిప్పు. వ్యాగన్లు పొయినాక నీకు పది దినాలు టైమిస్తా, ఏం చేసుకుంటావో చేసుకో."

"బోల్టులకు గూడా అప్పుడు ఇట్లే చెప్పినారు సామీ."

"ఎవురు చెప్పినారు? యాడ రాసుండాది?" ఆయన గొంతు పెరగలేదు. "పో. పన్నెండుకు కూత."

లేవి బయటికి వచ్చాడు. ఎండకు కళ్ళు మూసుకుపోయాయి. గోడ నీడ బాగా కుంచించుకుపోవడంతో కూలీలు మోకాళ్ళు ముడుచుకొని గోడకు అతుక్కుని కూర్చున్నారు. అందరూ అతన్నే చూస్తున్నారు. ఫ్యూజు డబ్బా మీద రాగి తీగ వేడెక్కి ఉంది. లేవి దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి మెలివేశాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి. డబ్బా తెరిచి ఒక కొన బిగించాడు. ఇంకో కొన కూడా బిగించాడు. స్విచ్ మీద చెయ్యి వేశాడు, ఇక పైకి తోయడమే మిగిలింది.

అప్పుడు లోపల చీపురు శబ్దం వినిపించింది.

పక్కనే ఉన్న తలుపులోంచి తొంగి చూశాడు. హులిగెమ్మ నడుము వంచి హీటరు కింద నేల ఊడుస్తోంది. ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుంది. మిషను మళ్ళీ తిరిగేలోపల రాలిన పొడి అంతా ఎత్తమని మేనేజరు పంపించి ఉంటాడు. ఆమె పాదాలు గిడ్డయ్య పాదాలు ఉన్నచోటే ఉన్నాయి. లేవి చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. ఆ చెయ్యి తనదేనా అన్నట్టు దాని వైపు చూశాడు.

"హులిగెమ్మా, బయటికి రా."

"ఇంగ రవ్వంత ఉండాదన్నా. ఎత్తేసి వస్తా."

"వచ్చెయ్యి ముందు. చీపురు ఆడ్నే పడేసి రా."

అతని గొంతు విని ఆమె చీపురు వదిలి వచ్చింది. రంగన్న, ఇంకా నలుగురు లేచి దగ్గరికి వచ్చారు. లేవి ఫ్యూజు డబ్బాలోంచి రాగి తీగను పెరికేశాడు. దాని కొన గుచ్చుకొని బొటనవేలు చీరుకుపోయింది.

"ఏమైందప్పా? ఏంటికి పీకుతాండావు?" అన్నాడు రంగన్న.

లేవి హులిగెమ్మ ముఖంలోకి చూడలేక, ఆమె చేతుల వైపు చూస్తూ మాట్లాడాడు.

"గిడ్డయ్య బీడీ తాగలా."

అతడు వేలెత్తి మిషను గదిలోని పెట్టె వైపు చూపించాడు.

"ఆ మూతకు నాలుగు బోల్టులు ల్యావు. మంట ఆ సందులోంచి వచ్చింది. అన్నీ ఉండాయని బుక్కులో రాసింది నేను. మేనేజరు రాయమంటే రాసినా. సంతకం నాది. ఈ పొద్దు గూడా ఆ నాలుగూ ల్యావు. ఈ తీగేస్తే మళ్ళీ అట్లే అవుతాది. నేనెయ్యను."

హులిగెమ్మ ముక్కుకు కట్టుకున్న కొంగు విప్పింది. మొదట ఆమెకు ఆ మాటలు పట్టినట్టు లేదు.

"బీడీ తాగలేదా?"

"ల్యా. ఆ పొద్దు నేను తలుపు కాడే ఉన్న్యా."

"తాగలేదా ఆయప్ప?" మళ్ళీ అడిగింది. "ఏడాది నించీ ఆ మనిషిని తిడతానే ఉండానే నేను! బీడీ కోసం నన్నూ పిల్లోళ్ళనూ బజార్న పడేసి పాయనని తిట్టుకుంటి. మొన్న ఏడాది దినానికి ఒక ముద్ద కూడు గూడా పెట్టకపోతి." ఆమె లేవి ఎదురుగా వచ్చి నిలబడింది. "తెలిసి కూడా నాతో చెప్పకుండా ఎట్లుంటివన్నా? దినామూ నీ ముందరే ఊడుస్తి గదా!"

లేవి బొటనవేలి రక్తం రాగి తీగ మీదికి కారుతోంది.

మేనేజరు గొడుగు లేకుండానే పరుగెత్తుకొచ్చాడు. "ఏం కతలు చెప్తాండావురా ఈడ? రంగన్నా, ఆ తీగ తీసుకో. ఫ్యూజులో ఏసి స్విచ్ నూకు. నీకు రెండు దినాల హాజరు ఏపిస్తా."

రెండు దినాలంటే రెండున్నర రూపాయలు. రంగన్న లేవి చేతిలోంచి తీగ తీసుకున్నాడు. ఫ్యూజు డబ్బా వైపు నాలుగు అడుగులు వేసి, దాని ముందు నిలబడిపోయాడు. మిషను గదిలోకి చూశాడు, వెనక్కి తిరిగి నీడలో ఉన్నవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళలో అతని భార్యా ఉంది. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

హులిగెమ్మ నడిచి వెళ్ళి మిషను గది గడప మీద కూర్చుంది. రెండు కాళ్ళూ చాపి, వీపు ఒక వైపు ద్వారబంధానికి ఆనించి, పాదాలు రెండో వైపుకు తన్నిపెట్టింది. లోపలి వాసన ఆమె మీదుగా బయటికి వస్తోంది; స్విచ్ తోసి మంట లేస్తే ముందు ఆమెనే తాకుతుంది.

"లెయ్ అమ్మీ! లేస్తావా లేదా?" అని అరిచాడు మేనేజరు.

ఆమె అతని వైపు చూడలేదు. లేవి వైపు కూడా చూడలేదు.

పన్నెండు గంటల కూత కూసింది. ఆ రోజు హాజరు పోయింది. గోడ నీడలో ఎవరూ లేవలేదు. బుడ్డలు ఏరే షెడ్డు వాకిట్లో రాహేలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. రంగన్న చేతిలో రాగి తీగ అట్లాగే ఉంది. హులిగెమ్మ అడ్డం కూర్చున్నది మేనేజరుకా, తనకా అన్నది లేవికి తెలియలేదు. ఆమెకు నాలుగడుగుల దూరంలో, ఎండలో, అతడు నేల మీద చతికిలబడ్డాడు.