శనివారం స్నానం

ఇల్పో తను రాసిన నాలుగు వరుసలనూ కాగితం మీద అచ్చేసి, బల్ల మీద బోర్లించి, కాఫీకి లేచాడు. తిరిగొచ్చి, పెన్సిల్ పుచ్చుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. తన రాతని గిట్టనివాడి రాత చదివినట్టు చదవడం అతని అలవాటు. తప్పు దొరికితే ముఖం విప్పారుతుంది.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ ఊరి నీళ్ళ కేంద్రంలో పంపులకి ప్రోగ్రాములు రాసే పని అతనిది. పొట్టి మనిషి. మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెట్టరు, వేళ్ళకి ఎప్పుడూ పోని టంకం మరకలు. ఇంటి వెనక కొట్లో పదిహేడు పాత రేడియోలున్నాయి. "ఊళ్ళో రేడియోలన్నీ పలుకుతాయి, మా ఇంట్లోది తప్ప," అంటుంది వాళ్ళావిడ ఆయిలీ. ఏ ఎన్నికా మానకుండా ఓటేశాడు. గెలిచినవాణ్ణి నమ్మలేదు, ఓడినవాడి కోసం దిగులు పడలేదు.

ఇవాళ శనివారం, ఉద్యోగంలో అతనికి ఆఖరి రోజు. మూడు గంటలకి హెల్సింకీ నుంచి తెప్పించిన కొత్త యంత్రం పని అందుకుంటుంది. ఇల్పోకి గుచ్చుకుంటున్నదల్లా ఒక్కటే. అతని పాత ప్రోగ్రాములో ఒక వరుస ఉంది: 'శనివారం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఊరు స్నానం చేస్తోంది, కంగారు పడకు.' చేరిన ఏడాది ఆ వరుస లేదు. ఇంటింటా సౌనాలు, అంటే ఆవిరిస్నానపు గదులు, వేడెక్కి, అందరూ ఒక్కసారే నీళ్ళు తిప్పేసరికి, పైపు పగిలిందనుకుని ప్రోగ్రాము పెద్ద వాల్వు మూసేసింది. పాస్టరుగారు తువ్వాలు చుట్టుకుని, నెత్తిన సబ్బు నురగతో, మంచులో నడిచొచ్చి తలుపు బాదారు.

కొత్త యంత్రంలో ఆ వరుస లేదు.

మీట నొక్కి ఫొటో దిగడానికి కౌన్సిల్ పెద్ద రౌనో వచ్చాడు. ఇల్పో సంగతి చెప్పాడు.

"అదే నేర్చుకుంటుందయ్యా, తెలివైంది!"

"ఎన్నాళ్ళకి?"

"ఆరు వారాలంటున్నారు."

"అందాకా ఊరంతా నురగతో కూచోవాలా?"

"నీకు కొత్తదంటే పడదు, ఇల్పో."

"కొత్తదైతే నాకేం? వాడేవాణ్ణి అడక్కుండా కొన్నారు, అదీ నా బాధ."

రౌనో నవ్వేసి, మీట నొక్కి, ఫొటో దిగి వెళ్ళిపోయాడు.

సోమవారం నుంచి ఇల్పో కుర్చీలో కూర్చోబోయే మర్యుక్క అనే అమ్మాయి అందాకా నవ్వుతూ చూస్తోంది. "నిజంగా మూసేస్తుందా, పెద్దాయనా?"

ఇల్పో బీరువాలోంచి పాత కాగితాల కట్ట తీసి ముందు పెట్టాడు. ప్రతి శనివారం సాయంత్రం నీటి ఒత్తిడి గీత ఒకేచోట గుంటలో పడినట్టు దిగింది. మర్యుక్క నవ్వు ఆగింది. యంత్రంలో వెతికి, మినహాయింపులు రాసే చోటు పట్టుకుంది. వారంలో ఆరో రోజు, నాలుగు నుంచి ఎనిమిది అని కొట్టింది.

"అయిపోయింది."

"అచ్చెయ్యి. కాఫీ తాగిరా. అప్పుడు చదువు."

"ఒక్క వరుసకా? మీ చాదస్తం!"

"ఒక్క వరుసే కదమ్మాయ్, ఎంతసేపు?"

గొణుగుతూనే అచ్చేసింది. తాగొచ్చి చదివింది. బిత్తరపోయింది. కాగితం మీద రోజు పేరుతో సహా పడింది: శుక్రవారం.

"మనకి ఆరో రోజంటే శనివారమేగా!"

"మనకి సోమవారంతో మొదలు. దాన్ని చేసినవాళ్ళకి ఆదివారంతో కాబోలు."

ఏడు అని దిద్ది, మళ్ళీ అచ్చేసి, ఈసారి తనే పెదాలు కదుపుతూ చదివింది. గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువగా ఉంది.

నాలుగు దాటాక గోడ మీద ఒత్తిడి చూపే ముల్లు వణికింది. దిగింది. ఇంకా దిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వాల్వు మూసుకుంటే వెలిగే ఎర్రదీపం వంక చూశారు. అది వెలగలేదు. కిటికీలోంచి చూస్తే, ఊళ్ళో ప్రతి పొగగొట్టం నుంచీ పొగ తిన్నగా పైకి లేస్తోంది.

"ఊరు స్నానం చేస్తోంది," అన్నాడు ఇల్పో తృప్తిగా. కోటు తొడుక్కున్నాడు.

"సోమవారం కాఫీకి రండి, పెద్దాయనా. కేకు తెప్పిస్తాను."

"సోమవారం మా ఇంటి రేడియో విప్పాలి." గడప దగ్గర ఆగాడు. "వెళ్తానమ్మాయ్. ఆయిలీ సౌనా వెలిగించుంటుంది."

మంచు మీద అడుగుల కరకర కొంతసేపు వినిపించి ఆగింది. మర్యుక్క కూర్చుందామని కుర్చీ లాగింది. దాని మీద బూడిదరంగు ఉన్ని దిండొకటి ఉండిపోయింది, మధ్యలో గుంటపడి, ఇంకా వెచ్చగా.