కుమ్ అన్న మాట తూకం

సరస్సు ఒడ్డున ఉన్న ష్కోడర్ ఊరి చేపల బజారులో ప్రెంగా లాభం లేనిదే దండం కూడా పెట్టడని చెప్పుకునేవారు. రెండు దేశాల మధ్య సరిహద్దు తెరిచిన కొత్తలో కొడుకు తోమాకి పుట్టువెంట్రుకలు తీయడానికి అయినవాళ్లందరినీ వదిలి, సరస్సు అవతలి ఒడ్డున చేపల వ్యాపారం చేసే వుకోతాని పిలిచాడు. మతం వేరు, భాష వేరు. అయితేనేం, పుట్టువెంట్రుకలు తీసినవాడు ఈ ఒడ్డున కుంబార్, ఆ ఒడ్డున కుమ్. కుమ్‌ని కుమ్ మోసం చేయడు. ఆ మాట మీద పాతికేళ్లుగా రెండొడ్ల చేపలూ కాగితం లేకుండానే చేతులు మారాయి.

ఇప్పుడు తోమా వుకోతా కూతురు స్తానాని తప్ప ఎవరినీ చేసుకోనంటున్నాడు. కుమ్‌ల ఇళ్ల మధ్య పెళ్లంటే వావివరస తప్పడమే. కాదన్న రోజునుంచి వాడు తండ్రితో మాట్లాడటం మానేశాడు.

ప్రెంగా చర్చికి వెళ్లాడు.

"ఫాదర్, ఈ కుంబార్ అన్నది ఎక్కడి సరుకు?"

"లాటిన్ మాట, కొంపాతెర్. అదే ఇటలీలో కొంపారె, గ్రీసులో కుంబారోస్ అయింది" అన్నాడు ఫాదర్ లాజర్.

"అన్నిచోట్లా ఇంత బరువేనా?"

"ఎక్కడి బరువు! నేపుల్స్‌లో పుచ్చకాయ బేరమాడినవాడల్లా కొంపారేనే. స్పెయిన్‌లో అయితే పక్క బల్ల తాగుబోతు కూడా!"

"మరి అసలు అర్థం?"

"తోడు తండ్రి. బిడ్డకి నీతోపాటు తండ్రి."

ఆ చివరి మాటను ప్రెంగా పక్కన పెట్టేశాడు. పుచ్చకాయ మాటను మాత్రం పట్టుకుని పడవెక్కాడు.

వుకోతా రాకియా సారా పోశాడు. ప్రెంగా నేపుల్స్ కథ చెప్పి, పెళ్లి మాట ఎత్తాడు.

వుకోతా నవ్వలేదు. "లాభం తిన్నన్నాళ్లూ మన సరస్సు తూకం. నష్టమొచ్చేసరికి నేపుల్స్ తూకమా, కుమ్? ఇంతకీ లాటిన్‌లో ఏమని అర్థమట?"

తెలియదంటే సరిపోయేది. కానీ ఈ మనిషి దగ్గర అబద్ధం ఆడి ఎరగడు.

"తోడు తండ్రి."

వుకోతా లేచి, దేవుడి పటం వెనకనుంచి మడిచిన రుమాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో తోమా పుట్టువెంట్రుకలు ఉన్నాయి.

"వాడు నాకు కొడుకైతే, స్తానా వాడికేమవుతుంది? లెక్కల మనిషివి, నువ్వే చెప్పు."

లోపల స్తానా ముక్కు చీదిన చప్పుడు. వుకోతా గుమ్మం వైపు చూసి, గడ్డం రుద్దుకున్నాడు.

"అదీ తిండి మానేసింది" అన్నాడు. "సరే. ఈ రుమాలు తీసుకెళ్లు. మనం కుమ్‌లం కామని నీ నోటితో చెప్పు. పిల్లనిస్తా. పాపం చెరిసగం."

ప్రెంగా మనసులో తక్కెడ లేచింది. ఒక వైపు పాతికేళ్ల నమ్మకం, రెండో వైపు మాట్లాడని కొడుకు. ఎటు మొగ్గినా నష్టమే కనిపించింది.

"మనం కుమ్‌లం కాము" అన్నాడు. రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

రేవు దాకా సాగనంపడం వుకోతాకి అలవాటు. ఈసారి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"వెళ్లి రండి, ప్రెంగా గారూ. ముహూర్తం మీరే చూడండి" అన్నాడు. "రేపటి చేపలకి మాత్రం కాగితం రాసుకుందాం" అన్నాడు.